చావులేని తండ్రి, చనిపోయిన కొడుకు: ‘ఎటర్నల్ వారియర్’ కామిక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏ కామిక్ ఇది?

అమెరికాలోని వాలియంట్ కామిక్స్ సంస్థ వేసే ‘ఎటర్నల్ వారియర్’. హీరో పేరు గిలాడ్ అన్నీ-పద్దా. వేల ఏళ్లుగా యుద్ధాలు చేస్తూ బతుకుతున్న సైనికుడు. భూమి మాట వినగలిగే ‘జియోమాన్సర్’ అనే వాళ్లు తరానికొకరు పుడుతుంటారు, వాళ్లని కాపాడటం అతని డ్యూటీ. ఈ పాత్రతో చాలా సిరీస్‌లు వచ్చాయి. ఇక్కడ ఎక్కువగా మాట్లాడేది 2015 చివర్లో మొదలైన ‘రాథ్ ఆఫ్ ది ఎటర్నల్ వారియర్’ గురించి. గిలాడ్ కుటుంబం, మరణానంతర లోకం, అక్కడి కొడుకు కోసం తండ్రి పడే తపన, ఇవన్నీ కథకు నడుమకొచ్చింది అందులోనే. రచన రాబర్ట్ వెండిట్టి. మొదటి భాగానికి బొమ్మలు రౌల్ అలెన్, పట్రీషియా మార్టిన్.

వాలియంట్ అంటే? మార్వెల్, డీసీ తప్ప నేను వినలేదు.

వినకపోవడంలో వింతేం లేదు. మార్వెల్‌కి ప్రధాన సంపాదకుడిగా చేసిన జిమ్ షూటర్ అక్కడి నుంచి బయటికొచ్చాక, ఇంకొందరితో కలిసి 1989లో పెట్టిన సంస్థ ఇది. 1990ల మొదట్లో బాగా ఆడింది. 1994లో వీడియో గేముల కంపెనీ అక్లెయిమ్ 6.5 కోట్ల డాలర్లకి కొనేసింది. కామిక్స్ మార్కెట్ కుప్పకూలింది, తర్వాత 2004లో అక్లెయిమ్ కూడా దివాలా తీసింది. చిన్నప్పుడు ఈ కామిక్స్ చదివి పెరిగిన దినేశ్ షామ్‌దాసానీ, జేసన్ కోఠారీ ఆ పాత్రల హక్కులు సంపాదించి, 2012లో మళ్లీ మొదటి నుంచి కథలు మొదలుపెట్టారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండో జన్మ. 2018లో డీఎమ్‌జీ ఎంటర్‌టైన్‌మెంట్ చేతికి వెళ్లింది.

పాత గిలాడ్ 1992 నాటివాడు. అప్పటి సిరీస్ 50 సంచికలు నడిచింది. అభిమానులకి తప్ప వాటితో ఇప్పుడు పెద్దగా పని లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తొందరగా తండ్రీకొడుకుల కథకి వెళ్లాలనుకుంటే సూటిగా ‘రాథ్’ చదవండి. మొత్తం 14 సంచికలు, మూడు సంపుటాలుగా దొరుకుతాయి: ‘రైజెన్’, ‘ల్యాబరింత్’, ‘డీల్ విత్ ఎ డెవిల్’. దానికి ముందు 2015లోనే వచ్చిన ‘బుక్ ఆఫ్ డెత్’ చదివితే గిలాడ్ ఎందుకు చనిపోయి ఉన్నాడో అర్థమవుతుంది. చదవకపోయినా కథ పట్టుబడుతుంది.

ఓపిక ఉన్నవాళ్లు 2012 నాటి ‘ఆర్చర్ అండ్ ఆర్మ్‌స్ట్రాంగ్’తో మొదలుపెట్టండి. అందులో గిలాడ్ అన్న ఆరమ్ ప్రధాన పాత్ర. తాగుబోతు, కవిత్వమంటే ప్రాణం, కత్తి పట్టమంటే తలనొప్పి అనే రకం. తమ్ముడేమో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరినీ పక్కపక్కన చూసుకున్నాక గిలాడ్ మొహంలో ఆ సీరియస్‌నెస్ ఎందుకో తెలుస్తుంది.

అమరుడంటున్నారు. మరి పరలోకానికి ఎలా వెళ్తాడు?

ఈ సిరీస్‌లో అందరూ ముందు అడిగేది ఇదే, రచయిత చేసిన మంచి పని కూడా ఇదే.

మామూలు అమర వీరుడి కథలో కత్తి దిగుతుంది, గాయం మానుతుంది, హీరో లేచి దులుపుకుంటాడు. ఇక్కడ అలా కాదు. గిలాడ్ నిజంగానే చస్తాడు. చచ్చి ఒక చోటికి వెళ్తాడు. అక్కడ నిప్పుల కొలిమి లేదు, సింహాసనం మీద దేవుడూ లేడు. ఉన్నది ఇల్లు. పొలం గట్టున ఇల్లు, ఇంట్లో భార్య, పిల్లలు, ఎప్పుడో వేల ఏళ్ల కిందట పోయినవాళ్లు. ఇక యుద్ధం అక్కర్లేదు, ఎవరికీ ఏమీ కాదు. అలాంటి చోటు నుంచి భూమి మీదికి తిరిగి రావాలంటే వాళ్లని వదిలిపెట్టి, దారి పొడవునా కొట్లాడుకుంటూ రావాలి. ఎవరూ తోసేయరు, తనే లేచి వెళ్లాలి.

అంటే ‘చావు లేదు’ అనే వరం వెనక అసలు సంగతి ఇదన్నమాట. చచ్చిన ప్రతిసారీ పెళ్లాంబిడ్డల దగ్గరికి చేరడం, ప్రతిసారీ వాళ్లని విడిచి రావడం. మామూలు మనిషి పిల్లల్ని ఒక్కసారి పోగొట్టుకుంటాడు. ఇతను గడప దాటిన ప్రతిసారీ పోగొట్టుకుంటాడు, అదీ వాళ్లు చూస్తుండగా. డ్యూటీకి వెళ్లే సైనికుడి ఇంట్లో జరిగేదే, కాకపోతే ఇక్కడ సెలవు దొరకాలంటే చావాలి.

ఈ అమరత్వం ఎక్కణ్ణుంచి వచ్చింది?

2012 తర్వాతి కథ ప్రకారం గిలాడ్, ఆరమ్, ఐవార్ ముగ్గురూ అన్నదమ్ములు, ప్రాచీన ఉర్ నగరం వాళ్లు. గిలాడ్ చనిపోతాడు. అన్న ఐవార్ ఆ చావుని ఒప్పుకోడు. ‘బూన్’ అనే ఒక యంత్రాన్ని తెచ్చి తమ్ముణ్ణి బతికించాలని పంతం పడతాడు. ఆరమ్ వద్దంటాడు, వినడు. గిలాడ్ లేస్తాడు, ఊరు ఊరంతా నాశనమవుతుంది.

అంటే ఇతని జీవితం మొదలైందే ‘మా వాణ్ణి మాకు తిరిగి ఇవ్వు’ అన్న మొండితనం నుంచి. తర్వాత అతనే తండ్రిగా అదే మాట అనాల్సి వస్తే ఏం చేస్తాడు? ఆ మొండితనానికి ఒకసారి ఎంత మంది మూల్యం చెల్లించారో తెలిసినవాడు కదా. ఈ రెండు కథల్నీ వెంటవెంటనే చదివితే ఆ బరువు తెలుస్తుంది. విడివిడిగా చదివితే మామూలు యాక్షన్ కథల్లాగే అనిపించొచ్చు.

కొడుకు దొరుకుతాడా?

చెప్పను. చదవండి.

ఇతనికి ఇంకా పిల్లలున్నారా?

ఉన్నారు. 2013లో గ్రెగ్ పాక్ రాయగా ట్రెవర్ హెయిర్‌సైన్ బొమ్మలేసిన సిరీస్‌లో జారన్ అనే కూతురు, మిటు అనే కొడుకు కనిపిస్తారు. కూతురికి తండ్రి లక్షణం వచ్చింది, ఈ కాలం దాకా బతికే ఉంది. ఇద్దరికీ పడదు. పోయిన పిల్లల కోసం తపించే మనిషికి, బతికున్న కూతురితో ఒక మాట సరిగ్గా మాట్లాడటం రాదు. నాకైతే ఆ సిరీస్‌లో అదే నచ్చింది, మిగతా కథ కాస్త గజిబిజి.

అన్నీ-పద్దా అనే పేరు కల్పితమేనా?

కాదు. ఉర్ నిజమైన నగరం, దక్షిణ ఇరాక్‌లో నసీరియా దగ్గర శిథిలాలున్నాయి. ఆ-అన్నె-పద్ద అనే రాజు క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిజంగానే అక్కడ ఏలాడు. కామిక్ వాడుకున్నది పేరు, ఊరు మాత్రమే. ఆ రాజుకీ గిలాడ్‌కీ కథలో పోలిక లేదు. కానీ ఆ రాజు సంగతి చెప్పకుండా ఉండలేను.

ఉర్ ప్రాంతపు ప్రాచీన జనం సుమేరియన్లు. సుమేరియన్ రాజుల జాబితా అని మట్టి పలకల మీద ఒక పాత చిట్టా ఉంది. ఏ ఊళ్లో ఎవరు ఎన్నేళ్లు ఏలారో వరసగా ఉంటుంది. ఉర్ మొదటి రాజవంశంలో మెస్-అన్నె-పద్ద 80 ఏళ్లు ఏలాడని రాసి, వెంటనే మెస్-కియాగ్-నున్న అనే ఇంకొకరి పేరుకి వెళ్లిపోతుంది. మధ్యలో ఆ-అన్నె-పద్ద లేడు. 80 ఏళ్లు ఏలడమేమిటి, ఇదంతా పుక్కిటి పురాణమేమో అని పండితులు అనుమానించారు.

1923లో పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ, ఉర్‌కి దగ్గర్లోనే ఉన్న అల్-ఉబైద్ దిబ్బ తవ్వుతుంటే నిన్‌హుర్సగ్ దేవత గుడి దగ్గర ఒక చిన్న రాతి ఫలకం బయటపడింది. అరచేతిలో పట్టేంత. ‘ఉర్ రాజు, ఉర్ రాజు మెస్-అన్నె-పద్ద కొడుకు ఆ-అన్నె-పద్ద, నిన్‌హుర్సగ్‌కి గుడి కట్టించాడు’ అని దాని సారాంశం. చిట్టాలోంచి జారిపోయిన కొడుకు నాలుగున్నర వేల ఏళ్ల తర్వాత మట్టిలోంచి లేచాడు. లేచి తండ్రి కూడా నిజమేనని సాక్ష్యం చెప్పాడు. ఆ ఫలకం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కామిక్ వాళ్లు ఇది ఆలోచించే ఈ పేరు పెట్టారని నేను అనను గానీ, తండ్రి కొడుకుని వెతికే కథకి ఇంతకంటే సరిపోయే ఇంటిపేరు దొరకదు.

ఆ కాలం వాళ్లు నమ్మిన పరలోకం కూడా ఇలాగే ఉండేదా?

అస్సలు కాదు. వాళ్ల పరలోకం చీకటి కొంప. దుమ్మే తిండి, మట్టే అన్నం, వెలుతురు లేదు. పుణ్యం చేసినా పాపం చేసినా అందరికీ అదే చోటు. స్వర్గం, నరకం అని రెండు లేవు. ఏలేది ఎరెష్కిగల్ అనే రాణి.

అయితే ఒక్క తేడా ఉండేది: భూమి మీద మనకోసం నీళ్లు వదిలేవాళ్లున్నారా లేదా. గిల్గమేష్ అనే రాజు మీద సుమేరియన్లు చెప్పుకున్న కథల్లో దీని గురించి అద్భుతమైన ఘట్టం ఉంది. గిల్గమేష్ స్నేహితుడు ఎన్‌కిడు పాతాళానికి వెళ్లి చిక్కుకుపోతాడు. ఎలాగో పైకి వచ్చిన అతన్ని గిల్గమేష్ కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడుగుతాడు. ఒక్క కొడుకున్నవాడు అక్కడ ఎలా ఉన్నాడు? ఏడుస్తున్నాడు. ఇద్దరున్నవాడు? రెండు ఇటుకల మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. ముగ్గురున్నవాడికి తాగడానికి నీళ్లున్నాయి. ఏడుగురు కొడుకులున్నవాడు చిన్న దేవతల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. అసలు సంతానమే లేనివాడికి కాల్చిన ఇటుకలాంటి రొట్టె.

ఇదంతా మనకి కొత్తగా అనిపించదు. పున్నామ నరకం, పిండాలు, తర్పణాలు అన్నీ ఎరిగినవాళ్లం. తండ్రి పైకి పోతే కొడుకు కింద నుంచి అన్నం పెట్టాలి. రెండు నాగరికతల్లోనూ లెక్క అదే.

ఆ తర్వాత గిల్గమేష్ ఇంకో మాట అడుగుతాడు: పురిట్లోనే పోయిన, తామెవరో తమకే తెలియని నా పసిబిడ్డలు ఎలా ఉన్నారు? ఎన్‌కిడు జవాబు: వెండి బంగారాల బల్ల దగ్గర తేనె, నెయ్యి ముందు పెట్టుకుని ఆడుకుంటున్నారు. అంత చీకటి పరలోకంలో పిల్లలకి మాత్రం తేనె, నెయ్యి. ఆ పలకలు చెక్కినవాళ్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రులు ఎందరున్నారో అనిపిస్తుంది. ‘రాథ్’లో గిలాడ్ కుటుంబానికి దొరికిన వెలుతురున్న ఇల్లు, సుమేరియన్ల చీకటి కొంపకంటే ఈ తేనె-నేతి బల్లకి దగ్గర.

కామిక్ చేసిన మార్పు ఇక్కడే ఉంది. కొడుకు కింద, తండ్రి పైన ఉండాల్సిన క్రమాన్ని తిరగేసింది. చావులేని తండ్రి అంటే పుట్టిన ప్రతి కొడుక్కీ తలకొరివి పెట్టాల్సిన తండ్రి. అతనికి పెట్టేవాడు ఎప్పటికీ ఉండడు. ఎన్ని రాక్షసులతో కొట్లాడినా కథంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇది మన అశ్వత్థామ కథేగా?

చాలామంది అనే మాట. పైపైన చూస్తే పోలికుంది: యోధుడు, చావు లేదు, తిరుగుతూనే ఉంటాడు. లోపల మాత్రం వేరు. అశ్వత్థామ చిరంజీవుల్లో ఒకడని శ్లోకం చెబుతుంది. భారతంలో, సౌప్తిక పర్వంలో కృష్ణుడు ఇచ్చింది మాత్రం మూడు వేల ఏళ్ల శాపం. నుదుటి మణి పోయి, ఒళ్లంతా నెత్తురు, చీము కంపు కొడుతూ, పలకరించే దిక్కులేకుండా తిరగమని. నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకుల్ని చంపి, ఉత్తర కడుపులోని బిడ్డ మీద కూడా అస్త్రం వేసినవాడికి పడిన శిక్ష అది. గిలాడ్‌ది శిక్ష కాదు, అన్న ప్రేమ నెత్తిన పెట్టిన బరువు.

పోల్చాలంటే అశ్వత్థామ కంటే ద్రోణుడు దగ్గర. భీముడు ఏనుగుని చంపి ‘అశ్వత్థామ చచ్చాడు’ అని అరుస్తాడు. ద్రోణుడు నమ్మడు. ధర్మరాజు అబద్ధమాడడు కదా అని అతన్నే అడుగుతాడు. ధర్మరాజు ఆ ‘కుంజరః’ని గొంతులోనే మింగేస్తాడు. అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన అతని రథం దిగి నేలని తాకుతుంది. ద్రోణుడు విల్లు కింద పడేసి, రథం మీదే యోగంలో కూర్చుంటాడు, ధృష్టద్యుమ్నుడు వచ్చి తల నరుకుతాడు. చావులేని కొడుకు చచ్చాడనుకుని తండ్రి ప్రాణం వదిలేశాడు. ఇక్కడ కామిక్‌లో చావులేని తండ్రి, చచ్చిన కొడుకు కోసం వెళ్తున్నాడు. అచ్చంగా తలకిందులు.

మన కథల్లో పరలోకంలో కొడుకుల్ని వెతికినవాళ్లున్నారా?

బోలెడు. తండ్రే స్వయంగా వెళ్లడం తక్కువ, ఎవరో ఒకరు వెళ్లి తెచ్చిపెడతారు. సాందీపని గురుదక్షిణగా చనిపోయిన కొడుకుని అడిగితే కృష్ణుడు, బలరాముడు యముడి పట్నం సంయమనికి వెళ్లి తీసుకొస్తారు. తల్లి దేవకి అడిగితే సుతలం నుంచి ఆరుగురు బిడ్డల్ని తెస్తారు. నచికేతుడి కథలో కొడుకే యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు కూర్చుని, మొదటి వరంగా తండ్రి మనసు శాంతించాలని కోరతాడు.

గిలాడ్ అభిమానులు తప్పకుండా చదవాల్సింది మాత్రం భాగవతం దశమ స్కంధంలోని బ్రాహ్మణుడి కొడుకుల కథ. ద్వారకలో ఒక బ్రాహ్మణుడికి పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటారు. ప్రతి శవాన్నీ తెచ్చి రాజద్వారం దగ్గర పెట్టి నిందిస్తాడు. అర్జునుడు అక్కడే ఉండి, ఈసారి నేను కాపాడతాను, లేకపోతే అగ్నిలో దూకుతానంటాడు. పురిటింటి చుట్టూ బాణాలతో పంజరం కడతాడు. బిడ్డ పుట్టి కేర్‌మంటుంది, అంతలో శరీరంతో సహా మాయం. ఇంతకుముందు కనీసం శవమైనా మిగిలేది! బ్రాహ్మణుడు తిట్టిన తిట్లు తిని అర్జునుడు సంయమనికి వెళ్తాడు, లేరు. ఇంద్రుడి పట్నం, అగ్ని, వాయు, వరుణుల ఊళ్లు, రసాతలం, ఎక్కడా లేరు. గాండీవం ఉన్నా ఏం లాభం. అగ్నిలో దూకబోతుంటే కృష్ణుడు ఆపి రథమెక్కించి, ఏడు సముద్రాలూ లోకాలోక పర్వతమూ దాటిస్తాడు. అక్కడ చీకటికి కృష్ణుడి గుర్రాలే దారి తప్పుతాయి. చక్రాన్ని ముందు పంపితే ఆ వెలుగులో నడుస్తాయి. చివరికి పిల్లలు దొరికేది శేషశయ్య మీదున్న మహావిష్ణువు దగ్గర. ఒక్క సంచికగా గీస్తే ఎంత బాగుంటుందో!

ఇంకొకటి, ఆశ్రమవాస పర్వం. యుద్ధమై ఏళ్లు గడిచాక వ్యాసుడు గంగలోంచి చనిపోయినవాళ్లందర్నీ ఒక్క రాత్రికి రప్పిస్తాడు. ఆ రాత్రికి మాత్రం ధృతరాష్ట్రుడికి చూపు వస్తుంది. వందమంది కొడుకుల మొహాలు ఆ తండ్రి జీవితంలో మొదటిసారి చూసింది వాళ్లు చనిపోయాకే. తెల్లారేసరికి అందరూ వెనక్కి వెళ్లిపోతారు.

పరలోకమంటే మన యముడి సినిమాల్లాగా నవ్వులుంటాయా?

ఉండవు. చిత్రగుప్తుడి చిట్టా తారుమారవడం, హీరో యముడితోనే వాదనకి దిగడం మన సొంత సొత్తు, అలాంటి సరదా వీళ్లకి చేతకాదు. నవ్వు కావాలంటే ఆరమ్ ఉన్న సిరీస్‌కే వెళ్లండి.

ఫాంటమ్ కూడా చావులేనివాడే కదా?

‘ఫాంటమ్’ కామిక్‌లో అడవి జనం అలా నమ్ముతారు. నిజానికి తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు, మనం చదివే ఫాంటమ్ 21వ వాడు. అక్కడ వంశం చావదు, మనిషి చస్తాడు. గిలాడ్ విషయంలో మనిషి చావడు, వంశం చస్తూ ఉంటుంది. ఫాంటమ్‌ని సృష్టించిన లీ ఫాక్ 1936లోనే ఈ చిక్కుకి ఎంత హాయైన దారి కనిపెట్టాడో గిలాడ్‌ని చదివాక అర్థమైంది.

పిల్లలకి ఇవ్వొచ్చా?

పదో తరగతి దాటినవాళ్లకైతే పర్లేదు. నెత్తురు బాగానే ఉంటుంది, తలలు తెగుతాయి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ‘రైజెన్’ మొదటి సంచిక పెద్దవాళ్లు ముందు చదివి ఇవ్వండి. కత్తుల కంటే ఆ ఇంటి దృశ్యాలే ఎక్కువ గుచ్చుకుంటాయి.

సినిమా వచ్చిందా?

గిలాడ్ మీద రాలేదు. 2018లో వచ్చిన ‘నింజాక్ వర్సెస్ ది వాలియంట్ యూనివర్స్’ వెబ్ సిరీస్‌లో రెజ్లర్ జాన్ మోరిసన్ ఈ పాత్ర వేశాడు. చిన్న బడ్జెట్, ఎక్కువ ఆశించకండి. 2020లో విన్ డీజిల్ చేసిన ‘బ్లడ్‌షాట్’ కూడా వాలియంట్ పాత్రే. ఆ బ్లడ్‌షాట్ మొదటిసారి తొంగిచూసింది 1992లో, గిలాడ్ కామిక్ నాలుగో సంచికలోనే.

ఎలా సంపాదించాలి?

ఇంగ్లీషులోనే చదవాలి. భాష కష్టం కాదు, ఇంటర్ ఇంగ్లీషు చాలు. ప్రింటు పుస్తకాలు మన దగ్గర ఎక్కువగా దిగుమతి సరుకే కాబట్టి రేటు కాస్త బరువు, ఒక్కోసారి స్టాకు ఉండదు. కిండిల్‌లో డిజిటల్ కాపీ నయం. అయితే చిన్న ఫోన్‌లో వద్దు. పేజీని ఒక్కో ప్యానెల్‌గా విడగొట్టి చూపిస్తుంది, అలెన్, మార్టిన్ రెండు పేజీల మీద పరిచి గీసినవి అలా చూస్తే సగం పోతాయి. ట్యాబ్ లేకపోతే కంప్యూటర్‌లో తెరవండి. ‘రైజెన్’ ఒక్కటి కొని చూసి, నచ్చితే మిగతా రెండూ తీసుకోండి.